నోట్లు అచ్చేస్తేనే ధరలు పెరుగుతాయా? అపోహలు - వాస్తవాలు

కర్నూలులో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. ద్రవ్యోల్బణం (ధరలు పెరిగే వేగం) పాఠం మొదలుపెడితే చాలు, ఏదో ఒక బెంచీ నుంచి ఇదే మాట: "సార్, గవర్నమెంటు నోట్లు అచ్చేసి పంచుతోంది, అందుకే రేట్లు పెరుగుతున్నాయి."

అపోహ: పథకాలకు నోట్లు అచ్చేసి ఇస్తారు.

వాస్తవం: ఒకప్పుడు కేంద్రానికి డబ్బు చాలకపోతే రిజర్వు బ్యాంకు దానంతటదే సర్దేది. అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల ఆ పద్ధతి 1997లో ఆగిపోయింది. 2006 ఏప్రిల్ నుంచి మామూలు పరిస్థితుల్లో రిజర్వు బ్యాంకు ప్రభుత్వ బాండ్లను (అప్పు పత్రాలను) నేరుగా ప్రభుత్వం దగ్గర కొనకూడదు. పన్నులు చాలనప్పుడు ప్రభుత్వం బాండ్లు వేలం వేసి అప్పు తెస్తుంది. రాష్ట్రాలదీ అదే దారి.

అలాగని ఖర్చుకూ ధరలకూ సంబంధం లేదనను. మనుషులకూ యంత్రాలకూ ఊపిరాడని పని ఉన్నప్పుడు ఇంకా ఖర్చు పెడితే సరుకు పెరగదు, రేటు పెరుగుతుంది. పనుల్లేని కరువు ఏడాదిలో ఇచ్చే ఉపాధి కూలితో అంత ఒత్తిడి రాదు. డబ్బు దేనిమీద పెట్టారన్నదీ చూడాలి. శ్రీశైలం నీళ్లను హంద్రీ-నీవా పథకంతో మన మెట్టకు ఎత్తిపోయడానికి పెట్టిన రూపాయి, పనులు జరిగేటప్పుడు సిమెంటుకు గిరాకీ పెంచుతుంది. నీళ్లు పారినాక పంటను పెంచుతుంది. ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు.

అపోహ: వడ్డీ పెంచారు కదా, టమాటా ధర దిగాలి.

వాస్తవం: 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటును, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచారు. అయినా 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది, రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎక్కింది. సెప్టెంబరుకల్లా టమాటా ధర కూలిపోయి పత్తికొండ రైతు దిగాలుపడ్డాడు. జూలైలోనూ సెప్టెంబరులోనూ రెపో అదే 6.5! రెపో రేటు పనిచేసేది ఇంటి లోన్ల మీద, బండి లోన్ల మీద, వ్యాపారి తెచ్చే అప్పు మీద. గిరాకీ నెమ్మదించడానికి నెలలు పడుతుంది. చెట్టు మీదే పాడైన కాయను ఏ వడ్డీ రేటూ బజారుకు తేలేదు. కానీ కూరగాయల మంట కూలికీ అద్దెకూ స్కూలు ఫీజుకూ పాకితే, అప్పుడు ఆపాల్సింది రిజర్వు బ్యాంకే.

అపోహ: ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గినట్టే.

వాస్తవం: కాదు. వంద రూపాయల సరుకు ఒక ఏడు 107, మరుసటి ఏడు 111 అయితే ద్రవ్యోల్బణం సుమారు 7 నుంచి 4 శాతానికి దిగినట్టు. మనం కట్టేది మాత్రం 111. రిజర్వు బ్యాంకుకు పెట్టిన లక్ష్యమే 4 శాతం, సున్నా కాదు.