పగడాల ఊరు, దాని వెనుక కొండ

కుజదోషం పోవాలని పగడం ఉంగరం చేయించుకునేవాళ్లకు నగల షాపుల్లో ‘ఇటాలియన్ పగడం’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. పగడాల పనికి ఇటలీలో పేరుమోసిన ఊరు టొర్రె డెల్ గ్రెకో. నేపుల్స్‌కు దగ్గర్లోనే ఉంది. ముందు సముద్రం, వీపు వెనకే వెసూవియస్ అగ్నిపర్వతం.

ఆ కొండ చుట్టూ ఉన్న 25 ఊళ్లను ఇటలీ ప్రభుత్వం ‘రెడ్ జోన్’గా ప్రకటించింది. అక్కడ దాదాపు 7 లక్షల మంది ఉంటున్నారు. కొండ రాజుకుంటోందని తేలితే 72 గంటల్లో అందర్నీ ఖాళీ చేయించాలన్నది ప్లాన్. అసలు ఇంతమంది అక్కడికి ఎలా చేరారు? క్రీ.శ. 79లో పాంపేయి నగరాన్ని పూడ్చేసిన కొండ అని తెలిసి కూడా ఎందుకు ఉండిపోయారు?

ఒక కారణం, కొండ చాలాకాలం ఊరుకోవడమే. 1631కి ముందు శిఖరం మీది గోతిలో కూడా చెట్లు పెరిగి, పశువులు మేసేవట. ఆ ఏడాది డిసెంబరు 16న కొండ ఒక్కసారిగా బద్దలైంది. సుమారు 4 వేల మంది చనిపోయారు. మరుసటి ఏడాది, కొండ కిందే ఉన్న పోర్టిచి ఊళ్లో, స్పెయిన్ రాజు తరఫున నేపుల్స్‌ను ఏలుతున్న వైస్రాయ్ ఒక శిలాశాసనం వేయించాడు. అందులోని లాటిన్ మాటలు మనకు రాసినట్టే ఉంటాయి: ‘రాబోయే తరాలవారలారా, ఇది మీ సంగతే’. ఇల్లూ సామానూ చూసుకోకుండా, ఆలస్యం చేయకుండా పారిపొమ్మని అందులో ఉంది.

నూరేళ్లు దాటాయో లేదో, 1738లో, అదే పోర్టిచిలో నేపుల్స్ రాజు తనకోసం ఓ ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టాడు. రాజు వస్తే ప్రభువులు రారా? ఆ తీరం పొడవునా వందకు పైగా విల్లాలు లేచాయి. ఇటలీలో మొట్టమొదటి రైలు 1839లో నడిచింది కూడా నేపుల్స్ నుంచి పోర్టిచికే. ఇప్పుడు ఐదు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ ఊళ్లో 50 వేల మందికి పైగా ఉన్నారు. శాసనం ఇంకా అక్కడే ఉంది.

టొర్రె కథ వేరు. 1794 జూన్ 15 రాత్రి లావా ఊరి నడిమధ్య నుంచి దూసుకుపోయి సముద్రంలో కలిసింది. కొన్ని గంటల్లోనే ఊళ్లో చాలా భాగం పోయింది. శాంటా క్రోచె చర్చి గంటల గోపురం మాత్రం నిలిచింది, అదీ కింది భాగం రాయిగా మారిన లావాలో కూరుకుపోయి. కొత్త చర్చిని ఆ రాయి మీదే కట్టారు. ఇవాళ ఆ గోపురం పక్కన నిలబడితే మన కాళ్ల కింద పాత ఊరు ఉన్నట్టే. వేరే చోటికి వెళ్లమన్నా జనం వినలేదు. వాళ్లది మొండితనమని నేను అనుకోను. వాళ్ల బతుకు కొండ మీద లేదు, సముద్రంలో ఉంది. పగడాలకోసం వెళ్లే పడవలు ఆ రేవు నుంచే కదలాలి. అంతకు నాలుగేళ్ల ముందే, 1790లో, పగడాల వేటకు రాజు ప్రత్యేకంగా చట్టం చేశాడు. ఊరు కాలిపోయిన పదకొండేళ్లకు, 1805లో, అక్కడ పగడాలు సానబట్టే మొదటి కార్ఖానా తెరిచారు. ‘పాపాలు చేసేది నేపుల్స్, అనుభవించేది టొర్రె’ అని ఆ ప్రాంతంలో ఒక సామెత.

1944 మార్చిలో వెసూవియస్ చివరిసారి పొంగింది. అప్పుడు లావా సాన్ సెబాస్టియానో ఊరిని తొక్కేసింది. ఆ ఊరినీ గట్టిపడిన లావా మీదే మళ్లీ కట్టారు. అప్పటినుంచి కొండ నిద్రలోనే ఉంది. యుద్ధం తర్వాత అపార్ట్‌మెంట్లు అడ్డూఅదుపూ లేకుండా వాలు మీదికి పాకాయి. 2003లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం, రెడ్ జోన్ వదిలి వెళ్లే కుటుంబానికి 30 వేల యూరోల వరకు ఇస్తామంది. వెళ్లినవాళ్లు తక్కువే. ఆ డబ్బుతో ఇంకోచోట ఇల్లు వస్తుందా? ఇల్లొచ్చినా పని?

1861 డిసెంబరు 8న టొర్రెకు పైన కొండ చీలింది. ఊళ్లో నేల మీటరుకు పైగా పైకి లేచి గోడలు బీటలు వారాయి. అప్పుడు జనం మరియమ్మకు మొక్కుకున్నారు. ఇప్పటికీ ఏటా అదే రోజున, అమ్మవారి ప్రతిమ ఉన్న పెద్ద రథాన్ని భుజాల మీద ఎత్తుకుని ఆ వీధుల్లో ఊరేగిస్తారు.