గొంతు నాది, ఏడుపు ఆమెది: డబ్బింగ్ మీద అపోహలు - వాస్తవాలు

కిందటి నెల మా ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం. భోజనాలయ్యాక పిల్లలంతా వరండాలో చేరి, ఈ మధ్య వచ్చిన సినిమాల్లో ఏ హీరోయిన్ బాగా చేసింది, ఎవరు తేలిపోయారు అని వాదించుకుంటున్నారు. నేను పక్కన తాంబూలాలు సర్దుతూ వింటున్నాను. ఒక అమ్మాయి పేరు రాగానే మా మేనల్లుడు "ఆమె నటించడమేమిటి? ఆ గొంతు మా అత్తది. నటించింది అత్తే" అని తేల్చేశాడు. అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

నాకు సంతోషం కలగలేదు. ఇరవై రెండేళ్ళుగా హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతున్నాను. ఈ మాట ఎవరో ఒకరి నోట వినని నెల లేదు. నన్ను మెచ్చుకుంటున్నామనుకునే అంటారు. కానీ అది తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది తెర మీది అమ్మాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: గొంతు అరువుదైతే నటన కూడా అరువుదే.

వాస్తవం: మైకు ముందు నిలబడినప్పుడు నా చెవుల్లో పైలట్ ట్రాక్, అంటే షూటింగ్ రోజు సెట్లో రికార్డయిన అసలు శబ్దం, నడుస్తూ ఉంటుంది. అందులో జనరేటర్ హోరు, దూరంగా ఎవరివో కేకలు, పక్కనుంచి డైలాగు అందిస్తున్న అసిస్టెంట్ డైరెక్టర్ గొంతు, వాటి మధ్య ఆ అమ్మాయి గొంతు ఉంటాయి. ఆమె తెలుగు వంకరగానే ఉంటుంది. నేను ముందుగా పట్టుకునేది ఆమె ఊపిరిని. ఎక్కడ పీల్చింది, ఎక్కడ బిగబట్టింది, మాటకు ముందు ఎంతసేపు ఆగింది, ఏ అక్షరం దగ్గర గాలి అయిపోయింది. ఇవన్నీ ఆమె ఒంట్లోంచి వచ్చి, షూటింగ్ రోజే ఫిల్మ్ మీద పడిపోయాయి. వాటిని నేను నా ఇష్టానికి మార్చుకోలేను. మారిస్తే పెదవి ఒక దారి, మాట ఒక దారి అవుతాయి. ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా ఆ సీను అబద్ధంగా తోస్తుంది.

ఒక్క సీను చెబుతాను. సినిమా పేరు వద్దు. తండ్రి పోయిన పది రోజులకు కూతురు ఇంటికి వస్తుంది. బల్ల మీద ఆయన కళ్ళజోడు పెట్టె కనబడుతుంది. "నాన్న కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళారు" అనాలి. అంతే డైలాగు. ఆ అమ్మాయిది ఉత్తరాది. 'కళ్ళజోడు'లో ళకారం ఆమెకు పలకనే లేదు. నేను అలవాటు కొద్దీ 'నాన్న' దగ్గరే గొంతు వణికించి ఏడుపు మొదలుపెట్టాను. మూడు టేకులు చెప్పాను. 'మరిచిపోయి'లో మకారం, పకారం రెండు చోట్లా పెదవులు సరిగ్గా మూసుకున్నాయి, లిప్ సింక్‌లో తేడా లేదు. అయినా దర్శకుడు "ఏదో ఎక్కువైందమ్మా" అంటూనే ఉన్నారు.

అప్పుడు ఇంజనీరు నా గొంతు తీసేసి పైలట్ ఒక్కటే వినిపించారు. కళ్ళు మూసుకుని విన్నాను. 'నాన్న' తర్వాత ఆ అమ్మాయి గుటక వేసింది. ఆ చిన్న చప్పుడు జనరేటర్ హోరులోనూ వినబడింది. తర్వాత మిగతా మాటంతా మామూలుగా అనేసింది, ఇంట్లో ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. చివర 'రు' దగ్గర మాత్రం గాలి లేదు, పెదవి కదిలిందే గాని శబ్దం రాలేదు. ఆమె ఏడుపును ఆపుకుంటోంది, నేను ఆమె కంటే ముందే ఏడ్చేస్తున్నాను. నాలుగో టేకులో గుటక దగ్గర ఆగి, పొడిగా చెప్పి, చివరి అక్షరాన్ని వదిలేశాను. ఓకే అయింది. సినిమా విడుదలయ్యాక ఎంతోమంది "ఆ మాటలో ఏడుపు ఎంత బాగా దాచారండీ" అన్నారు. దాచింది ఆమె. దాచిన చోటు వెతుక్కోవడానికి నాకు మూడు టేకులు పట్టింది.

పాట విషయంలో మనకు ఈ అనుమానం ఎప్పుడూ రాలేదు, గమనించారా? 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో సావిత్రి పాటలు పి. లీల పాడారు. పాడింది లీల కాబట్టి ఆ పాటల్లో సావిత్రి ముఖంలో పలికింది సావిత్రిది కాదని ఏ తాతయ్యా అనలేదు. మగవాళ్ళ విషయంలోనూ ఇంత పట్టింపు లేదు. 'అంకుశం'లో రాజశేఖర్‌కు సాయికుమార్ గొంతు, 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడిగా కనిపించిన సుమన్‌కు బాలసుబ్రహ్మణ్యం గొంతు. ఆ పోలీసు కోపం రాజశేఖర్‌ది, ఆ చిరునవ్వు సుమన్‌ది అని అందరూ ఒప్పుకున్నారు. హీరోయిన్ దగ్గరికి వచ్చేసరికి తూకం మారిపోతుంది. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఈ మాటవల్ల జరిగే నష్టం నేను కళ్ళారా చూశాను. ఒక కొత్త అమ్మాయికి మొదటి సినిమాలో నేను చెప్పాను. ఆమె మంచి నటి, కళ్ళలో నిజాయితీ ఉంది. విడుదలయ్యాక అందరూ "డబ్బింగ్ బొమ్మ" అన్నారు. రెండో సినిమాకు పట్టుబట్టి తనే చెప్పుకుంది. రెండు వారాలు 'కల', 'కళ' అంటూ సాధన చేసింది. ఈసారి అదే జనం ఆమె యాసను వెక్కిరిస్తూ వీడియోలు చేశారు. మూడో సినిమాకు నిర్మాత మళ్ళీ నన్ను పిలిచారు. నేను చెబుతున్న రోజు ఆమె స్టూడియోకు వచ్చి కన్సోల్ దగ్గర సోఫా అంచున కూర్చుంది. విరామంలో హిందీలో మెల్లగా అడిగింది: "అక్కా, నేను చేసింది మీకైనా కనబడుతోందా?" నాకు నోట మాట రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, అప్పుడే చెప్పిన రీలు మళ్ళీ వేయించి, ఆమె ఊపిరి తీసిన ప్రతి చోటా వేలు పెట్టి చూపించాను.

డబ్బింగ్ వల్ల ఏ తేడా లేదని మాత్రం అనను. చెడ్డ డబ్బింగ్ మంచి నటనను పాడు చేస్తుంది, ఆ పాపం నేనూ చేశాను. మంచి డబ్బింగ్ తప్పు ఉచ్చారణను కప్పుతుంది. కానీ ముఖంలో ఏమీ లేనప్పుడు ఎంత గొప్ప గొంతు పెట్టినా అది రేడియో నాటకంలాగే వినిపిస్తుంది, మనిషికి అతుక్కోదు. ఎవరు నటించారో తేల్చుకోవాలనుకుంటే ఫోనులో శబ్దం తీసేసి సీను చూడండి. మెడ, భుజాలు, ఛాతీ చూడండి. తర్వాత శబ్దం పెట్టి చూడండి. అప్పుడు వాదించుకోండి.

అపోహ: సొంత గొంతు చెప్పుకోకపోవడం బద్ధకం.

వాస్తవం: తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు ఉండాలి. హిందీ మాట్లాడేవాళ్ళు ఆ చివరి అచ్చును మింగేస్తారు, మనకంటే ముందే నోరు మూసేస్తారు. ఒత్తులు, దీర్ఘాలు, ళకారం, ణకారం అన్నీ కుదరాలంటే నెలలు, కొందరికి ఏళ్ళు పడుతుంది. పైగా ఎవరు చెప్పాలన్నది చాలాసార్లు దర్శకుడు తేలుస్తాడు. అప్పటికి ఆ అమ్మాయి వేరే ఊళ్ళో వేరే సినిమా షూటింగులో ఉంటుంది. 2010లో 'ఏ మాయ చేసావె'లో సమంతకు చిన్మయి గొంతు. తెలుగులో సమంత తన గొంతు తానే చెప్పుకున్నది 2018లో, 'మహానటి'లో. ఆ మధ్య ఎనిమిదేళ్ళూ ఆమె నటి కాకుండా పోయిందా? అదే సినిమాలో కీర్తి సురేష్ తన గొంతుతోనే చెప్పి జాతీయ అవార్డు తెచ్చుకుంది. అంతకు ముందు ఏడాది 'ఫిదా'లో సాయి పల్లవి తెలంగాణ యాసలో తనే చెప్పుకుంది. వాళ్ళను మెచ్చుకోండి, నేనూ మెచ్చుకుంటాను. ఆ మెప్పును తీసుకెళ్ళి ఇంకో అమ్మాయిని కొట్టే కర్రగా వాడకండి.

అపోహ: తెలుగు రానివాళ్ళు సెట్లో అంకెలు లెక్కపెడతారు, మిగతాదంతా మేమే అతికిస్తాం.

వాస్తవం: ఇది పాత పుకారు, దీనితో విసిగిపోయాను. ప, బ, మ అక్షరాలకు పెదవులు మూసుకోవాలి. అంకెలు లెక్కపెట్టిన నోటికి తెలుగు డైలాగు అతకదు, దగ్గరి షాటులో అయితే అసలే అతకదు. నాకు వచ్చిన పైలట్లలో దాదాపు అందరూ డైలాగే చెప్పారు. కొందరు దేవనాగరి లిపిలో రాసుకుని రాత్రంతా బట్టీ పట్టి వచ్చారు.

అపోహ: తీయని గొంతుంటే డబ్బింగ్ ఆర్టిస్టు అయిపోవచ్చు.

వాస్తవం: తీపి ఒక్కటే సరిపోదు. మాకు దారి చూపిన రోజారమణి, సరిత ఇద్దరూ ముందు నటీమణులు. కూతుళ్ళను వెంటబెట్టుకుని స్టూడియో గేటు దగ్గర నిలబడే తల్లులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అమ్మా, గొంతు పరీక్షకే డబ్బు అడిగినవాళ్ళ దగ్గర, నెల రోజుల కోర్సు చేస్తే హీరోయిన్ గొంతు ఖాయమన్నవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టకండి. నేను గుంపు గొంతులతో మొదలుపెట్టాను. "దొంగ, దొంగ" అని అరిచే పదిమందిలో ఒకదాన్ని. మొదటి పేరున్న పాత్ర రావడానికి నాలుగేళ్ళు పట్టింది.

డబ్బింగ్ సినిమా వేరు, తెలుగు సినిమాకు డబ్బింగ్ చెప్పడం వేరు. మొదటిదానిలో వేరే భాష పెదవులకు తెలుగు మాటలు రాసి అతికించాలి. ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ళతో ఎక్కువసేపు వాదించను.

ఆ రోజు వరండాలో మా మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడు కొట్టిపారేసింది ఆ కళ్ళజోడు సీనులోని అమ్మాయినే. ఫోనులో ఆ సీను తీసి, శబ్దం పూర్తిగా తగ్గించి ఇచ్చాను. ఒకసారి చూసి "ఏముంది అత్తా?" అన్నాడు. మళ్ళీ చూడమన్నాను. మూడోసారి చూస్తూ బొటనవేలితో ఆపి, తెరను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇక్కడ గుటక వేసింది కదూ?" అన్నాడు.