ఆర్నెల్ల గొడవకు మూలం 2012లో ఉంది

బ్రిటన్‌లో చదువు ముగించిన విదేశీ విద్యార్థులు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు రెండేళ్ల నుంచి పద్దెనిమిది నెలలకు తగ్గుతోంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఇదే లెక్క. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం మూడేళ్లు అలాగే ఉంటుంది. తగ్గింది ఆర్నెల్లే కదా అనుకోవచ్చు. కానీ తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి పిల్లల్ని పంపినవాళ్లకు ఆ ఆర్నెల్లు మామూలు టెన్షన్ కాదు. రెండేళ్లు గ్యారంటీ అన్నారు కదా అని తల్లిదండ్రులు, రూల్ మార్చింది మేమా అని కన్సల్టెన్సీలు.

మన వైపు నుంచి పాత విశ్వవిద్యాలయాలకు వెళ్లడం కొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జ్ చదువు, తిరుపతి మిషన్ బడిలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ కావడం ఇక్కడ ఏ కాలేజీ వార్షికోత్సవానికి వెళ్లినా వినపడేవే. రెడ్డిగారిది స్కాలర్‌షిప్పు, రాధాకృష్ణన్ వెళ్లింది పాఠం చెప్పడానికి. ఇప్పటి తగాదాకు వాటితో పని లేదు.

అసలు మలుపు 2012. ఆ ఏడాది బ్రిటన్‌లో రెండు పనులు జరిగాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ.

మొదటిది వీసా. చదువయ్యాక రెండేళ్లు ఉండి పనిచేసుకోవడానికి 2008 నుంచి ఇస్తున్న పోస్ట్ స్టడీ వర్క్ వీసాను ఎత్తేస్తున్నట్టు అప్పటి హోం మంత్రి థెరెసా మే 2011 మార్చిలో ప్రకటించారు. 2012 ఏప్రిల్ 6న అది మూతపడింది. దొంగ కాలేజీలు పెరిగిపోయాయని, చదువు పేరుతో వచ్చి పనుల్లో చేరిపోతున్నారని ప్రభుత్వం చెప్పిన కారణం. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే దెబ్బ దొంగ కాలేజీ దగ్గర ఆగలేదు. 2011 సెప్టెంబరులో శతాబ్దాల చరిత్ర ఉన్న విశ్వవిద్యాలయంలో ఏడాది ఎమ్మెస్సీలో చేరిన విద్యార్థికి కూడా, 2012 శరదృతువులో డిగ్రీ చేతికొచ్చేసరికి ఆ వీసా లేదు. విదేశీయులను ఉద్యోగంలో పెట్టుకునే లైసెన్సున్న కంపెనీ, ఏడాదికి కనీసం 20,000 పౌండ్ల జీతం చూపిస్తేనే ఉండొచ్చు. లేకపోతే విమానం ఎక్కాలి. కోర్సు నడుస్తుండగానే రూల్ మారిపోవడం మన పిల్లలకు అప్పుడే పరిచయమైంది.

రెండోది ఫీజు. అదే 2012లో ఇంగ్లండ్ తన సొంత విద్యార్థుల ఏడాది ఫీజు పరిమితిని 3,375 పౌండ్ల నుంచి 9,000కు పెంచి, విశ్వవిద్యాలయాలకిచ్చే గ్రాంట్లలో గట్టిగా కోత పెట్టింది. పెరిగిన ఫీజు ఆ తర్వాత దాదాపు అక్కడే ఉండిపోయింది. 2017లో 9,250, మళ్లీ 2025లో 9,535. మధ్యలో కరెంటు బిల్లులు, జీతాలు, అన్నీ పెరిగాయి. స్కాట్లండ్ సంగతి ఇంకోటి. అక్కడి పిల్లలు తమ దేశంలో మొదటి డిగ్రీ చదివితే ఫీజు చేతి నుంచి కట్టక్కర్లేదు. అక్కడి విశ్వవిద్యాలయాలు ప్రభుత్వం ఇచ్చేదానితోనే సరిపెట్టుకోవాలి. 1451 నాటి గ్లాస్గో అయినా, 1583 నుంచి పాఠాలు చెబుతున్న ఎడిన్‌బరో అయినా అంతే. విదేశీ విద్యార్థి ఫీజుకు మాత్రం ఎక్కడా పరిమితి లేదు. లోటు పూడ్చే దారి అదొక్కటే మిగిలింది.

అంటే విదేశీ విద్యార్థి డబ్బు అత్యవసరమైన ఏడాదే, ఆ విద్యార్థిని ఆకర్షించే వీసా కూడా పోయింది. ఫలితం త్వరగానే తెలిసింది. 2010-11లో బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో 39 వేలకు పైగా ఉన్న భారతీయ విద్యార్థులు 2015-16కు 17 వేల లోపుకు పడిపోయారు. మెట్లు, గోపురాలు, పాత గ్రంథాలయాలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వెళ్లేవాళ్లే లేరు. భవనం చూసి కాదు, ఆ తర్వాత దొరికే గడువు చూసి వెళ్తారని అప్పుడు తేలింది.

అందుకే 2019 సెప్టెంబరులో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం రెండేళ్ల వీసాను మళ్లీ తెస్తామంది. 2021 జూలై 1న అది గ్రాడ్యుయేట్ వీసా పేరుతో మొదలైంది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో భారతీయులకిచ్చిన విద్యార్థి వీసాలు 1.42 లక్షలు. మన ఊళ్లలో బ్రిటన్ చదువు ఇంటింటి మాటయింది ఈ రెండేళ్లలోనే. కన్సల్టెన్సీ బ్రోచర్లో పైన గ్లాస్గో టవర్, కింద ఎర్రక్షరాల్లో 'రెండేళ్ల వర్క్ వీసా'. (విశ్వవిద్యాలయం 1451దే గానీ, ఆ టవరున్న భవనం కట్టింది పందొమ్మిదో శతాబ్దంలో. బ్రోచర్‌కు అంత వివరం అక్కర్లేదు.) వేంకటేశ్వరుడు ఊళ్లోనే ఉండగా వీసా కోసం హైదరాబాద్ దాకా పోయి చిలుకూరులో ప్రదక్షిణలు చేసినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ అప్పు సంగతి చెప్పాలి. తల్లిదండ్రుల వాదనంతా అందులోనే ఉంది. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి. టౌన్లో ఇల్లో, రిజిస్టర్డ్ ప్లాటో ఉంటే పని జరుగుతుంది. పల్లెల్లో చాలామందికున్న డీకేటీ పట్టా భూమిని (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) చూపిస్తే మేనేజరు ఫైలు వెనక్కి నెడతాడు. అలాంటివాళ్లు తాకట్టు అడగని ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల దగ్గరికి పోతారు. అక్కడ వడ్డీ ఎక్కువ. వీసాకు ఫీజు కాక, లండన్ బయటైతే తొమ్మిది నెలల ఖర్చు కింద 10,539 పౌండ్లు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. మన డబ్బుల్లో పన్నెండు లక్షల పైమాటే. ఆ 28 రోజుల కోసం మామల దగ్గరా, బావమరుదుల దగ్గరా చేబదులు తెచ్చి వేసేవాళ్లున్నారు. ఆరోగ్య సర్‌ఛార్జి విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు, అది ముందే కట్టేయాలి.

బ్యాంకు ఈఎంఐ సాధారణంగా కోర్సు అయిన ఏడాదికి మొదలవుతుంది. రెండేళ్ల వీసా ఉన్నప్పుడు మొదటి ఏడాది ఉద్యోగం వెతుక్కోవడానికి పోయినా, రెండో ఏడాదంతా పౌండ్లలో సంపాదించి కిస్తీలు కట్టే వీలుండేది. పద్దెనిమిది నెలలైతే ఈఎంఐ మొదలయ్యాక మిగిలేది ఆర్నెల్లు. గడువు నాలుగో వంతు తగ్గిందని పేపర్లు రాశాయి. అప్పు కట్టే గడువు సగమైందని ఇంట్లో లెక్క. రెండూ నిజమే, కానీ కిస్తీ కట్టేవాడికి పనికొచ్చే లెక్క రెండోది.

కన్సల్టెన్సీల మాట కూడా చెప్పాలి. బ్రిటన్ ప్రభుత్వం వలసలపై 2025 మేలో తెచ్చిన శ్వేతపత్రంలోనే ఈ కోత ఉందని, తామేమీ దాచలేదని అంటున్నారు. మంచి ఉద్యోగం దొరికేవాడికి పద్దెనిమిది నెలలు చాలంటున్నారు. శ్వేతపత్రంలో ఉన్నది నిజం. అమలు తేదీ మాత్రం 2025 అక్టోబరులో ప్రకటించారు. అప్పటికి సెప్టెంబరు ఇన్‌టేక్ పిల్లలు క్లాసుల్లో ఉన్నారు, జనవరి ఇన్‌టేక్ వాళ్లలో చాలామంది డిపాజిట్లు కట్టేశారు. అడ్మిషన్ పత్రంలో కోర్సు తేదీలు, ఫీజు ఉంటాయి గానీ చదువయ్యాక వచ్చే వీసా గురించి హామీ ఉండదు. ఆ హామీ నోటిమాటగా ఇచ్చింది ఇక్కడి కన్సల్టెన్సీల్లో. విద్యార్థి చేరినందుకు విశ్వవిద్యాలయం ఇచ్చే కమీషన్ వచ్చేదీ ఇక్కడికే.

ఉద్యోగం దొరికితే చాలన్న మాటా అంత తేలిక కాదు. గ్రాడ్యుయేట్ వీసా అయిపోయాక ఉద్యోగంతో అక్కడే ఉండాలంటే మామూలుగా కావాల్సింది స్కిల్డ్ వర్కర్ వీసా. 2024 ఏప్రిల్ దాకా ఏడాదికి 26,200 పౌండ్లున్న దాని కనీస జీతం ఒక్కసారిగా 38,700కు, 2025 జూలైలో 41,700కు వెళ్లింది. అప్పుడే చదువు ముగించినవాళ్లకు రాయితీ ఉన్నా, అది కూడా 33,400. 2024 జనవరి నుంచి పరిశోధన డిగ్రీలు కాని మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లడానికీ వీల్లేదు. 2012లో ఒక్క దెబ్బతో చేసిన పనిని ఈసారి వాయిదాల్లో చేస్తున్నారు. విశ్వవిద్యాలయాల ఖజానా గుర్తుండబట్టే తలుపు పూర్తిగా మూయలేదు. పైగా 2028 నుంచి ఇంగ్లండ్‌లో ఒక్కో విదేశీ విద్యార్థికి ఏడాదికి 925 పౌండ్ల లెవీ వేస్తారు. కట్టాల్సింది విశ్వవిద్యాలయం. అది ఎవరి ఫీజులో కలుస్తుందో వేరే చెప్పాలా?

2026 జనవరిలో ఏడాది కోర్సుల్లో చేరినవాళ్లకు, ఆ తర్వాత చేరేవాళ్లకు వాదించడానికి ఏమీ లేదు, వాళ్లది పద్దెనిమిది నెలలే. గొడవంతా 2025 సెప్టెంబరు బ్యాచ్ దగ్గరుంది. కోర్సు పూర్తయిందని విశ్వవిద్యాలయం బ్రిటన్ హోం శాఖకు తెలియజేశాకే గ్రాడ్యుయేట్ వీసాకు దరఖాస్తు చేయాలి. వాళ్లకు రెండేళ్లు రావాలంటే ఈ రెండూ 2026 డిసెంబరు 31 లోపు అయిపోవాలి. డిసర్టేషన్ ఫలితాలు మామూలుగా శరదృతువు చివర్లో వస్తాయి. ఒక్క సబ్జెక్టు తప్పి మళ్లీ రాయాల్సి వచ్చినా, ఫలితాలు ఖరారు చేసే బోర్డు మీటింగు జనవరికి వాయిదా పడినా, అదే క్లాసులో పక్క బెంచీ వాడికి రెండేళ్లు, వీడికి పద్దెనిమిది నెలలు.