ప్రకార్యం అంటే మంచిదని సర్టిఫికెట్ కాదు

నేను సమాజశాస్త్రం చెబుతాను. ఒక ఆచారం సమాజాన్ని నిలబెట్టడానికి ఏ పని చేస్తోందని (అదే దాని ప్రకార్యం) చూసే ప్రకార్యవాదం పాఠం అయిపోయిన రోజు ఎవరో ఒకరు క్లాసు బయట నా కోసం ఆగుతారు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. మొన్న ఆగింది డిగ్రీ రెండో ఏడు అమ్మాయి. "సార్, జజ్మానీ వ్యవస్థ, అదే సేవ చేసే కులాలు రైతులకు పని చేసి గింజలు తీసుకునే పద్ధతి, ఊరిని కలిపి ఉంచిందని నోట్సులో ఉంది. మా తాత చాకలి పని చేసేవాడు. చేసిన పనికి కూలిగా ఇచ్చే మేర గింజల కోసం కళ్లం దగ్గర పొద్దుగూకేదాకా నిలబడేవాడట. అది మంచిదని నేను పరీక్షలో రాయాలా?"

రాయక్కర్లేదమ్మా. ఆ టెన్షన్ నీ తప్పు కాదు, అలా నోట్సు రాయించినవాళ్లది.

అపోహ: ఏదైనా ఆచారానికి ప్రకార్యం ఉందంటే దాన్ని సమర్థించినట్టే.

వాస్తవం: కానే కాదు. నేరం లేని సమాజం లేదని, నేరం సమాజంలో మామూలు విషయమేనని 1895లో ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్ రాశాడు. దొంగలకు దండ వెయ్యమని కాదు. ఒకడికి శిక్ష పడినప్పుడు మిగతావాళ్లకు తమ కట్టుబాట్లు మళ్లీ గుర్తొస్తాయని చెప్పాడు, అంతే. 1949లో అమెరికా సమాజశాస్త్రవేత్త మర్టన్ ఇంకో అడుగు వేశాడు. ఒక ఆచారం కొందరికి పనికొస్తూనే ఇంకొందరికి కీడు చేయొచ్చు, కాబట్టి ప్రకార్యం అన్న ప్రతిచోటా "ఎవరికి?" అని అడగాలి అన్నాడు. మన నోట్సుల్లో ఎగిరిపోయేది సరిగ్గా ఈ ప్రశ్నే. అది లేని జవాబుకు మార్కులు పోతాయి సరే, తాత బతుకును తానే చిన్నచేసి రాశానన్న బాధ కూడా పిల్లలకు మిగులుతుంది.

మేర సంగతే చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని ఒక ఊరిని చూసి అమెరికా మిషనరీ వైజర్ 1936లో రాసిన పుస్తకంలో ఇచ్చిపుచ్చుకోవడాలు కనిపిస్తాయి: ఒకరు సేవ చేస్తారు, ఒకరు గింజలిస్తారు, అందరికీ అందరూ కావాలి. ఇది ప్రకార్యవాద దృష్టి. 1959లో మానవశాస్త్రవేత్త బైడెల్మన్ అదే వ్యవస్థను చూసి, భూమి ఎవరి చేతిలో ఉంది అని అడిగాడు. బట్టలు ఉతకనని చెప్పే దారి చాకలికి ఉందా? ఇది సంఘర్షణ దృష్టి. కళ్లం అదే, ప్రశ్న మారింది.

మూడో దృష్టి రోజువారీ మాటల్లో, పిలుపుల్లో సమాజం ఎలా తయారవుతుందో చూస్తుంది. దానికి ఉదాహరణ మా ఇంట్లోనే ఉంది. పదేళ్లప్పుడు నేను, మా నాయనమ్మ ఈడు మంగలాయన్ని "ఏరా" అని పిలిచేవాణ్ని. అలా పిలవమని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇంట్లో విన్నాను, అన్నాను. ఆయనేమో నన్ను "అయ్యా" అనేవాడు. రోజూ ఆ రెండు పిలుపుల్లోనే కులం మళ్లీ మళ్లీ తయారయ్యేది. 1937లో అమెరికా సమాజశాస్త్రవేత్త బ్లూమర్ పేరు పెట్టిన ప్రతీకాత్మక అంతఃక్రియావాదం చూసేది ఇలాంటి చోటే. ఈ సంగతి క్లాసులో చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది.

మిగతా అపోహల సంగతి గబగబా చెప్పేస్తాను. సంఘర్షణ సిద్ధాంతం చదివితే కమ్యూనిస్టు అయిపోరు. మార్క్స్‌తో చాలాచోట్ల విభేదించిన జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ కూడా అధికారం గురించే మాట్లాడాడు. సంఘర్షణ అంటే విచ్ఛిన్నమే అనీ కాదు, తగాదా ఒక్కోసారి గుంపును దగ్గర చేస్తుందని సమాజశాస్త్రవేత్త కోజర్ 1956లో పుస్తకమే రాశాడు. అంతఃక్రియావాదం పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు కాదు. ఇక "మూడింట్లో కరెక్టు ఏది" అంటూ వాట్సాప్‌లో తిరిగే ఒక పేజీ పట్టిక! దాన్ని నాకు పంపకండి, దండం పెడతా.

ఆ అమ్మాయి సెలవులకు ఇంటికెళ్లి, మేర ఎన్ని కుంచాలు వచ్చేదని తాతను అడిగిందట. "ఏమో, కొలిచేది వాళ్లే కదా" అన్నాడట. ఆ మాట జవాబులో రాయొచ్చా సార్ అని ఫోన్ చేసింది. బైడెల్మన్ పేరు పక్కనే రాయమన్నాను.