మూసీ చర్చలోకి వచ్చిన సియోల్ వాగు

మూసీ ప్రక్షాళన మాట వచ్చినప్పుడల్లా సియోల్‌లోని చంగ్యేచన్ వాగు పేరు వినిపిస్తోంది. 2024లో తెలంగాణ మంత్రులు, అధికారులు వెళ్లి చూసొచ్చారు. అయితే మన ఫోన్లలో తిరిగే ఫొటోలన్నీ 2005 తర్వాతి వాగువి. దాని కథ ఆరు వందల ఏళ్ల నాటిది.

అప్పట్లో కొరియాను ఏలిన చోసన్ వంశపు రాజులు ఇక్కడే కొండల నడుమ రాజధాని కట్టుకున్నారు. వాననీరు, ఊరి మురుగు అన్నీ ఈ వాగులోకే చేరేవి. 1410లో వరదకు మట్టి వంతెన కొట్టుకుపోతే తేజోంగ్ రాజు రాతి వంతెన కట్టించాడు. అందుకు తనకు గిట్టని సవతి తల్లి సమాధి రాళ్లు పీకించాడు. ఆ వంతెన పక్కకు దిగి చూస్తే దేవతామూర్తులు, మేఘాల చెక్కడాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్ని రాళ్లను తలకిందులుగా పేర్చారు. శిల్పుల పనితనం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

1760లో యంగ్జో రాజు రెండు లక్షల మందితో 57 రోజులు పూడిక తీయించాడు. ఆ పనిని ఆయన దగ్గరుండి చూస్తున్న చిత్రం నేటికీ ఉంది.

కొరియా యుద్ధం తర్వాత నిలువ నీడలేని జనం ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. 1958 నుంచి వాగును స్లాబ్‌తో మూసేసి, ఆ పైన ఫ్లైఓవర్ కట్టారు. మేయర్ లీ మ్యుంగ్ బాక్ 2003లో దాన్ని కూల్చడం మొదలుపెట్టి, 2005 కల్లా 5.8 కిలోమీటర్ల వాగును తిరిగి తెరిపించారు. గోడ మీద 186 మీటర్ల పొడవున పలకలతో 1795 నాటి రాజు ఊరేగింపును పరిచారు. నాకైతే అక్కడున్న కొత్త కళలో ఇదే మేలైనది. 2006లో వాగు మొదట్లో నిలబెట్టిన ఇరవై మీటర్ల శంఖం ఆకారపు శిల్పానికి ఈ ఊరితో సంబంధమేంటని స్థానిక కళాకారులే అడిగారు.

ఇక నీళ్ల సంగతి. ఎగువ పాయలు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండే ఉంటాయి. అందుకే హాన్ నది నుంచి, మెట్రో స్టేషన్లలో ఊరే నీటి నుంచి రోజుకు సుమారు 12 కోట్ల లీటర్లు పంపు చేసి వదిలేలా కట్టారు. మూసీకి గోదావరి నీళ్లు తేవాలన్న ఆలోచనకు దగ్గరగా ఉన్నది ఇదే. పంపుల కరెంటు ఖర్చు మన చర్చలో పెద్దగా వినపడటం లేదు.

ఒడ్డున వ్యాపారం చేసుకునే వీధి వ్యాపారులను ఖాళీ చేయించి దోంగ్దేమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకే ఆ స్టేడియాన్నీ కూల్చేశారు. వాళ్లు మళ్లీ మూటాముల్లె సర్దుకుని ఇంకో మార్కెట్‌కు వెళ్లాల్సి వచ్చింది. మూసీ ఒడ్డున కూల్చాల్సిన ఇళ్లంటూ గోడలకు మార్కింగ్ వేసింది కూడా 2024లోనే. ఆ ఇళ్లలో టెన్షన్‌తో బతికేవాళ్లకు సియోల్ వ్యాపారుల సంగతి కూడా చెప్పాలి.