బేస్‌బాల్ జీతాల తగాదాకు మూలం 1879 నాటి బఫెలో సమావేశం

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో క్లబ్బుల యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి 2022లో కుదిరిన ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. జట్టు జీతాల మొత్తానికి గరిష్ఠ పరిమితి పెట్టాలా అన్న పాత తగాదా ఆ తేదీ చుట్టూనే మళ్లీ రాజుకుంది. ఐపీఎల్ వేలంలో జట్ల పర్సుకు హద్దు ఉండటం అలవాటైన మనకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. అక్కడి ఆటగాళ్లకు మాత్రం దీని వెనుక దాదాపు 150 ఏళ్ల జ్ఞాపకం ఉంది.

అసలు మలుపు 1876 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో వచ్చింది. అప్పటిదాకా నడిచిన సంఘం పేరులో 'ఆటగాళ్లు' అన్న మాట ఉండేది. షికాగో క్లబ్బు అధ్యక్షుడు విలియం హల్బర్ట్ చొరవతో పుట్టిన నేషనల్ లీగ్ పూర్తి పేరులో దాని స్థానంలోకి 'క్లబ్బులు' వచ్చింది. జూదాన్ని అరికట్టి, నష్టాల నుంచి ఆటను గట్టెక్కించేందుకే ఇదంతా అని యజమానులు చెప్పుకున్నారు.

1879 సెప్టెంబర్‌లో బఫెలోలో సమావేశమైన యజమానులు, ఒక్కో క్లబ్బు ఐదుగురిని తనకే అట్టిపెట్టుకోవచ్చని, వారిని మరే క్లబ్బూ తీసుకోరాదని రహస్యంగా ఒప్పుకున్నారు. వేరే క్లబ్బుకు పోలేని ఆటగాడు జీతం కోసం బేరమాడలేడు. ఆ ఐదుగురిలో చోటు దక్కడం గౌరవమని మురిసిన ఆటగాళ్లూ లేకపోలేదు. 1883 నాటికి ఆ సంఖ్య 11కు పెరిగింది. కొన్నేళ్లకే జట్టంతా దాని కిందికి వచ్చింది.

న్యూయార్క్ జట్టు షార్ట్‌స్టాప్ (రెండు, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్), కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన జాన్ మాంట్‌గోమరీ వార్డ్ 1885లో ఆటగాళ్ల సంఘం పెట్టాడు. 1888లో, అతను ప్రపంచ యాత్రలో ఉన్న వేళ, యజమానులు ఆటగాళ్లను ఐదు తరగతులుగా విడగొట్టి, ఏడాది జీతాన్ని 1,500 నుంచి 2,500 డాలర్ల మధ్య బిగించారు. తరగతి నిర్ణయించడంలో ఆటతోపాటు మైదానం బయటి నడవడికనూ లెక్కగట్టడం ఆటగాళ్లను మరింత గాయపరిచింది.

అందుకు జవాబుగా 1890లో ఆటగాళ్ల సొంత లీగ్ అయిన ప్లేయర్స్ లీగ్ పుట్టింది. వార్డ్‌ను పాత ఒప్పందానికి కట్టిపడేయడానికి న్యూయార్క్ కోర్టు నిరాకరించింది, ప్రేక్షకులూ బాగానే వచ్చారు. అయినా ఆ లీగ్‌కు డబ్బు పెట్టిన పెట్టుబడిదారులు ఒక్క సీజన్‌కే బెదిరి, ఆటగాళ్లను పక్కనపెట్టి నేషనల్ లీగ్‌తో విడివిడిగా రాజీ కుదుర్చుకున్నారు.

బఫెలోలో పడ్డ ముడి 1975 డిసెంబర్‌లో, ఒప్పందం ముగిసిన ఆటగాడిని క్లబ్బు ఇక నిరవధికంగా అట్టిపెట్టుకోలేదన్న మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో గానీ విడలేదు. 1994లో యజమానులు జీతాల పరిమితిని ముందుకు తెచ్చినప్పుడు ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాది సీజన్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ జరగనే లేదు.