పీపీ నంబరు నుంచి 4జీ దాకా: ప్రభుత్వ ఫోన్ ఎందుకింత ఆలస్యం?

కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లిన మనిషి లేని వీధి తక్కువ. తొంభైల మొదట్లో ఆ వీధి మొత్తానికీ ఫోన్ ఒక్క ఇంట్లో ఉంటే గొప్ప. కువైట్ నుంచి మోగితే "పది నిమిషాలాగి చెయ్యి బాబూ, మీ అమ్మని పిలిపిస్తా" అని పెట్టేసేవారు. ఆ ఇంటి కుర్రాడు కొబ్బరితోటకి అడ్డంపడి పరుగెత్తేవాడు. లెటర్‌హెడ్ల మీద నంబరు పక్కన 'పీపీ' అని వేసుకునేవాళ్లు. ఫోన్ పక్కింటివారిదని అర్థం. సొంత కనెక్షన్‌కి డబ్బు కట్టి ఏళ్లతరబడి చూడటం మామూలే. 1991లో దేశం మొత్తమ్మీద ఉన్నవే సుమారు 50 లక్షల ఫోన్లు.

పల్లెల్లో ఆ కరువు తీర్చడంలో పెద్ద పాత్ర 1984లో పెట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్‌ది. అది తయారుచేసిన 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజికి ఏసీ గది అక్కర్లేదు. డెల్టా ఉక్కపోత తెలిసినవాళ్లకి దాని విలువ చెప్పక్కర్లేదు. తర్వాత ఎస్టీడీ బూత్‌లొచ్చాయి, రాత్రి రేటు తగ్గేదాకా బయట బల్ల మీద కూర్చునే జనమూ వచ్చారు. 1996 నవంబరు 6 తుపానుకి కొబ్బరిచెట్లతోపాటు స్తంభాలూ పడిపోయాయి. వైర్లు మళ్లీ లాగింది లైన్‌మన్లే. ఆలస్యానికి జనం మొదట తిట్టేదీ వాళ్లనే. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. అసలు ముడి పైన, టెండర్ల దగ్గర పడింది.

2000 అక్టోబరు 1న ప్రభుత్వ ఫోన్ల కంపెనీగా బీఎస్‌ఎన్‌ఎల్ పుట్టింది, 2002లో సెల్ సర్వీసు మొదలుపెట్టింది. సిమ్ కోసం జనం క్యూ కట్టిన రోజులవి. ఆ గిరాకీకి సరిపడా పరికరాలు కొనాలి కదా? 2006లో పిలిచిన పెద్ద టెండరు కోర్టుకెక్కింది, చివరికి ఆర్డరు బాగా తగ్గిపోయింది. 9.3 కోట్ల లైన్ల టెండరు 2010లో ఏకంగా రద్దయింది. ప్రైవేటు కంపెనీలు టవర్లు వేసుకుంటూ పోయింది సరిగ్గా ఆ ఏళ్లలోనే.

2016 సెప్టెంబరులో జియో 4జీతో దిగింది. బీఎస్‌ఎన్‌ఎల్‌కి 4జీ స్పెక్ట్రమ్, అంటే సిగ్నళ్లు మోసే రేడియో తరంగాలు, ఇవ్వాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది మాత్రం 2019 అక్టోబరులో. సంస్థని ఆదుకోడానికి ఇచ్చిన ఆ ప్యాకేజీలోనే వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కూడా ఉంది, సుమారు 78 వేలమంది ఇంటికెళ్లిపోయారు. 2020 మార్చిలో 4జీ టెండరు పిలిచి జులైలో రద్దు చేశారు. దేశీయ కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. సరిహద్దులో చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా పరికరాలు వద్దన్నారు. ఇక మన దేశంలో తయారైనవే వాడాలన్నారు. ఆలోచన మంచిదే, కానీ అప్పటికి అలాంటి 4జీ సిద్ధంగా లేదు. టీసీఎస్, టెలికాం పరికరాలు చేసే తేజస్, మళ్లీ ఆ పాత సీడాటే కలిసి దాన్ని తయారుచేసి, పరీక్షించి, సుమారు లక్ష టవర్ల పని ఖాయమయ్యేసరికి 2023 వచ్చింది. అప్పటికే ప్రైవేటు 5జీ మొదలై నెలలైంది.

2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక చాలామంది పోర్ట్ పెట్టి, అంటే నంబరు మార్చకుండానే, బీఎస్‌ఎన్‌ఎల్‌కి వచ్చారు. 4జీ ఇంకా రాని చోట వాళ్లకి దొరికింది 3జీనే. మాట వినిపించేది, కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ ముందు పెట్టిన ఫోన్‌లో చక్రం మాత్రం తిరుగుతూ ఉండేది. సుమారు 97,500 టవర్లతో స్వదేశీ 4జీని ప్రధాని ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న. స్తంభం నుంచి ఇంటికి లాగిన పాత ల్యాండ్‌లైన్ డ్రాప్ వైరు మీద ఈలోగా తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారు.